రక్తంలోని ఆమ్లానికి అంకె ఇచ్చిన రైతుబిడ్డ

పదో తరగతి భౌతిక రసాయన శాస్త్రంలో ఆమ్లాలు, క్షారాలు పాఠం చదివినవాళ్లకు పీహెచ్ అనే మాట కొత్త కాదు. ఏడు ఉంటే తటస్థం, ఏడు కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. ఇంతవరకు రాస్తే రెండు మార్కులు వచ్చేస్తాయి. ఆ పాఠంలో సోరెన్‌సన్ అనే పేరు ఒక్క వాక్యంలో వచ్చి వెళ్లిపోతుంది. ఆయన ఎవరు, ఏ దేశంవాడు, ఆయనకు ఈ కొలతతో ఏం పని పడింది అన్నది పరీక్షలో అడగరు కాబట్టి మనం కూడా పట్టించుకోం.

కానీ మన హాస్టల్లో చదువుకుని ల్యాబ్ టెక్నీషియన్లుగా, నర్సులుగా స్థిరపడిన అన్నలనూ అక్కలనూ అడిగి చూడండి. ఆయాసంతో వచ్చిన రోగి మణికట్టు దగ్గర ధమని నుంచి రెండు చుక్కల రక్తం తీసి యంత్రానికి ఇస్తే, బయటికి వచ్చే చిన్న కాగితం మీద ఉండే అంకెల్లో ముఖ్యమైనది పీహెచ్. 7.40 అని ఉంటే డాక్టరు నెమ్మదిగా మాట్లాడతాడు. 7.10 అని ఉంటే పరుగు మొదలవుతుంది. ఆ రెంటికీ మధ్య తేడా 0.3 మాత్రమే. ఇంత చిన్న తేడాకు అంత ప్రాణభయం ఎందుకో తెలియాలంటే ఆ అంకెను పుట్టించిన మనిషి దగ్గరికి వెళ్లాలి.

సోరెన్ పీటర్ లారిట్జ్ సోరెన్‌సన్ 1868 జనవరి 9న డెన్మార్క్ దేశంలో, జీలండ్ దీవిలోని హవ్రెబ్యెర్గ్ అనే పల్లెలో పుట్టాడు. మన గాంధీగారి కంటే దాదాపు రెండేళ్లు పెద్ద. తండ్రి వ్యవసాయదారుడు. 18 ఏళ్ల వయసులో ఆ కుర్రవాడు రాజధాని కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయంలో చేరాడు. డాక్టరు కావాలని వచ్చినవాడు. అక్కడ యోర్గెన్‌సన్ అనే రసాయన శాస్త్ర ఆచార్యుడు చెప్పే పాఠాలు విని మనసు మార్చుకున్నాడు. వైద్యం వదిలి రసాయన శాస్త్రం పట్టుకున్నాడు. ఎంబీబీఎస్ సీటు వదులుకుని బీఎస్సీ కెమిస్ట్రీలో చేరినట్టు అనుకోండి. ఇంట్లో ఏమన్నారో చరిత్రలో లేదు గానీ, వైద్యానికి ఆయన చేసిన మేలు చూస్తే, డాక్టరు కాకపోవడమే మంచిదయింది.

చదువుకునే రోజుల్లోనే రసాయన రాడికల్స్ గురించి రాసిన వ్యాసానికి విశ్వవిద్యాలయం బంగారు పతకం ఇచ్చింది. పతకాలతో కడుపు నిండదు కదా. డాక్టరేటు కోసం పరిశోధన చేస్తూనే పాలిటెక్నిక్ సంస్థ ప్రయోగశాలలో సహాయకుడిగా పనిచేశాడు, దేశ భూగర్భ సర్వేలో పాల్గొన్నాడు, నౌకాదళం వారి ఓడల రేవుకు రసాయన సలహాలు ఇచ్చాడు. ఇలా పది చోట్ల పనిచేస్తూ 1899లో కోబాల్ట్ సమ్మేళనాల మీద డాక్టరేటు సంపాదించాడు. అప్పటికి 31 ఏళ్లు. రక్తానికీ కోబాల్ట్‌కూ ఏమీ సంబంధం లేదు. ఆయన దారి మళ్లింది రెండేళ్ల తర్వాత, ఒక బీరు ఫ్యాక్టరీలో.

బీరు అనగానే ముఖం చిట్లించకండి. కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ సారాయి బట్టీని నడిపిన జాకబ్‌సన్ అనే ఆయన 1875లో దాని పక్కనే ఒక ప్రయోగశాల కట్టించాడు. దానికి పెట్టిన నియమం గొప్పది. అక్కడ కనిపెట్టిన విషయం ఏదైనా, ఫ్యాక్టరీకి ఎంత లాభం తెచ్చేదైనా సరే, దాచిపెట్టకూడదు, లోకానికి చెప్పేయాలి. అక్కడే హాన్‌సన్ అనే శాస్త్రజ్ఞుడు 1883లో స్వచ్ఛమైన ఈస్టును వేరుచేసి పెంచే పద్ధతి కనిపెడితే, దాన్ని పోటీ కంపెనీలకు కూడా తెలియజేశారు. ఇంటర్మీడియట్‌లో మనం చదివే నత్రజని అంచనా పద్ధతి ఉందే, కెల్డాల్ పద్ధతి, అది కూడా ఆ సంవత్సరమే ఆ గదుల్లోనే పుట్టింది. ఆ కెల్డాల్ 1900లో చనిపోయాడు. ఆయన కుర్చీలో రసాయన విభాగం అధిపతిగా 1901లో సోరెన్‌సన్ కూర్చున్నాడు. 1938లో పదవీ విరమణ చేసేదాకా అక్కడే ఉన్నాడు. ఒకే ప్రయోగశాలలో 37 ఏళ్లు.

బీరు తయారీ అంటే ధాన్యంలోని పిండిని, చక్కెరను ఎంజైములు విడగొట్టడం. ఎంజైములు ఆమ్లానికి చాలా సున్నితం. ఆమ్లం కొంచెం ఉంటే చురుగ్గా పనిచేస్తాయి, మరికొంచెం పెరిగితే మందగిస్తాయి, ఇంకా పెరిగితే చచ్చుబడిపోతాయి. ఈ సంగతి సోరెన్‌సన్‌కు ముందే అందరికీ తెలుసు. చిక్కల్లా ఎక్కడంటే, ఆ కొంచెం ఎంత అన్నది ఎవరికీ సరిగ్గా చెప్పడం రాలేదు. ఒకడు ద్రావణంలో ఇన్ని చుక్కల ఆమ్లం కలిపాను అని రాసేవాడు. అదే లెక్కన ఇంకొకడు ఇంకో ఊళ్లో కలిపితే ఫలితం వేరేగా వచ్చేది. ఎవరిది తప్పు? ఎవరిదీ కాదు. కొలవవలసినది ఒకటైతే వాళ్లు కొలుస్తున్నది మరొకటి.

ఇది కొంచెం నిలబడి అర్థం చేసుకోవలసిన విషయం. ఒక గాజు కుప్పెలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఇంకో దాంట్లో వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లం తీసుకుని, రెంటినీ ఒకే గాఢతలో, లీటరుకు పదోవంతు మోల్ చొప్పున కలపండి. బ్యూరెట్‌తో క్షారం పోసి అంశమాపనం చేస్తే రెంటికీ ఒకే కొలత ఖర్చవుతుంది. కాబట్టి రెండూ ఒకే పాటి ఆమ్లాలని అనిపిస్తుంది. కానీ నిజంగా ద్రావణంలో విడివడి తిరుగుతున్న హైడ్రోజన్ అయాన్లను లెక్కపెడితే మొదటి దాంట్లో రెండో దానికంటే సుమారు 75 రెట్లు ఎక్కువ. మన భాషలో చెప్పాలంటే, హాస్టల్ రిజిస్టర్‌లో ఉన్న పేర్లు వేరు, గంట కొట్టగానే గ్రౌండ్‌లోకి వచ్చి వరుసలో నిలబడినవాళ్లు వేరు. అంశమాపనం రిజిస్టర్‌ను లెక్కపెడుతుంది. ఎంజైము మాత్రం గ్రౌండ్‌లో ఉన్నవాళ్లనే చూస్తుంది. పైగా ప్రొటీన్లు ఉన్న ద్రావణంలో ఈ తేడా ఇంకా ఎక్కువ. పోసిన ఆమ్లంలో చాలా భాగాన్ని ప్రొటీన్లే పట్టి కూర్చోబెట్టేస్తాయి.

అందుకని సోరెన్‌సన్ పోసిన ఆమ్లాన్ని వదిలేసి, పనిచేస్తున్న హైడ్రోజన్ అయాన్లను కొలవడానికి పూనుకున్నాడు. సాధనం అప్పటికే ఉంది. ప్లాటినం రేకుకు నల్లటి ప్లాటినం పొడి పూత పూసి, ద్రావణంలో ముంచి, హైడ్రోజన్ వాయువు పంపితే ఒక విద్యుత్ పీడనం పుడుతుంది. దాన్ని ఒక స్థిరమైన పాదరసపు ఎలక్ట్రోడ్‌తో పోల్చి చదివితే హైడ్రోజన్ అయాన్ల గాఢత తెలుస్తుంది. అయాన్లు పది రెట్లు మారితే దాదాపు 58 మిల్లీవోల్టుల తేడా వస్తుంది. చెప్పడం తేలిక. చేయడానికి ఒక్కో కొలతకు చాలా ఓపిక కావాలి. ఉష్ణోగ్రత కదలకూడదు, పూత చెడకూడదు, వాయువు శుద్ధంగా ఉండాలి.

కొలతలు వచ్చాయి గానీ రాయడం ఇబ్బంది అయింది. శుద్ధ జలంలో లీటరుకు 0.0000001 గ్రాము హైడ్రోజన్ అయాన్లు. ఇంకో ద్రావణంలో 0.00003. సున్నాలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే ఒక్క సున్నా జారినా పది రెట్ల తప్పు. పైగా గ్రాఫు గీస్తే ఈ చివర ఒక మిల్లీమీటరు, ఆ చివర కిలోమీటర్లు. సోరెన్‌సన్ 1909లో ఒక ఉపాయం చేశాడు. ఈ గాఢతను పదికి ఘాతంగా రాసి, ముందున్న రుణ గుర్తు తీసేసి, ఆ ఘాతాన్నే అంకెగా వాడదామన్నాడు. పదికి మైనస్ ఏడో ఘాతం అయితే 7. మూడో ఘాతం అయితే 3. అంతే, పీహెచ్ పుట్టింది. ఎంజైముల మీద రాసిన పెద్ద వ్యాసంలో ఇది ఒక చిన్న సౌకర్యంగా వచ్చింది. హెచ్ అంటే హైడ్రోజన్. పీ అంటే ఏమిటన్నది మాత్రం ఆయన తేల్చి చెప్పలేదు. ఘాతం అనే మాటకు జర్మన్‌లోనూ ఫ్రెంచిలోనూ పీ అక్షరంతో మొదలయ్యే మాటలే ఉన్నాయి కాబట్టి అదేనని కొందరు, రెండు ద్రావణాలకు పీ, క్యూ అని పేర్లు పెట్టుకున్నప్పుడు వచ్చిన పీ అని ఇంకొందరు నేటికీ వాదించుకుంటున్నారు.

ఈ లెక్కలో మనల్ని తికమక పెట్టే రెండు విషయాలున్నాయి. ఆమ్లం పెరిగితే అంకె తగ్గుతుంది. అంకెలో ఒకటి తేడా అంటే నిజంలో పది రెట్ల తేడా. చాలామంది మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే. 7.4 నుంచి 7.1కి దిగడం అంటే ఏదో కాస్త తగ్గడం కాదు, రక్తంలో హైడ్రోజన్ అయాన్లు రెట్టింపు కావడం. మొదట్లో చెప్పిన పరుగు అందుకే.

ఆయన గొప్పతనం అంకె కనిపెట్టడంలో కంటే, దాన్ని అందరి చేతికీ అందేలా చేయడంలో ఉందని నాకనిపిస్తుంది. హైడ్రోజన్ ఎలక్ట్రోడ్ అమర్చుకోగల ప్రయోగశాలలు అప్పట్లో తక్కువ. అందుకని రంగు మార్చే సూచికలను పదుల కొద్దీ తెచ్చి, ప్రొటీన్లు, లవణాలు ఉన్నప్పుడు అబద్ధం చెప్పేవాటిని తీసేసి, నమ్మదగినవాటిని ఏరి జాబితా ఇచ్చాడు. ఫాస్ఫేట్, సిట్రేట్, బోరేట్, గ్లైసిన్‌లతో, కొంచెం ఆమ్లమో క్షారమో పడినా అంకె కదలని బఫర్ ద్రావణాలు ఏ పాళ్లలో కలిపితే ఏ పీహెచ్ వస్తుందో పట్టికలు వేసి అచ్చు వేయించాడు. సీసాల్లో ఆ ద్రావణాలు వరుసగా పెట్టుకుని, ఒక్కొక్క దాంట్లో సూచిక చుక్క వేసి, మన నమూనా రంగు దేనితో సరిపోతుందో చూస్తే చాలు. బీద ప్రయోగశాల కూడా రెండో దశాంశం దగ్గరి దాకా వెళ్లగలదు. బయోకెమిస్ట్రీ ల్యాబుల్లో సోరెన్‌సన్ ఫాస్ఫేట్ బఫర్ పేరు ఇప్పటికీ వినబడుతుంది. జాకబ్‌సన్ పెట్టిన నియమం ప్రకారం ఇదంతా ఉచితం.

అదే ఊళ్లో హాసెల్‌బాల్క్ అనే వైద్యుడు ఉండేవాడు. ఊపిరి గురించి, రక్తంలోని వాయువుల గురించి పరిశోధించేవాడు. క్రిస్టియన్ బోర్, క్రోగ్‌లతో కలిసి ఆయన 1904లో ఒక ముఖ్యమైన సంగతి చూపించాడు. కార్బన్ డయాక్సైడ్ పెరిగినచోట హిమోగ్లోబిన్ తన దగ్గరున్న ఆక్సిజన్‌ను సులువుగా వదిలేస్తుంది. పనిచేస్తున్న కండరంలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ, అక్కడే ఆక్సిజన్ కూడా ఎక్కువ కావాలి. ప్రకృతి ఏర్పాటు ఎంత చక్కగా ఉందో చూడండి. మరి ఆ సమయంలో రక్తంలో ఆమ్లత్వం ఎంత? సోరెన్‌సన్ కొలత రాగానే హాసెల్‌బాల్క్ దాన్ని రక్తానికి ప్రయోగించాడు.

రక్తం మాత్రం బీరంత తేలిగ్గా లొంగలేదు. ఎలక్ట్రోడ్ పనిచేయాలంటే హైడ్రోజన్ బుడగలు పంపాలి. బుడగలు పంపితే రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ వాటితో పాటు లేచిపోతుంది. అది పోతే ఆమ్లం తగ్గి అంకె పెరుగుతుంది. అంటే కొలిచే పనే కొలతను పాడుచేస్తోంది. హాసెల్‌బాల్క్ ఒక మూసిన చిన్న గాజు పాత్ర చేయించాడు. అందులో హైడ్రోజన్ బుడగను బయటికి పోనివ్వకుండా బంధించి, రక్తంతో కలిపి ఊపేవాడు. మొదటి రక్తం కొంత కార్బన్ డయాక్సైడ్‌ను బుడగకు ఇచ్చుకుంటుంది. ఆ రక్తాన్ని తీసేసి, బుడగను అలాగే ఉంచి కొత్త రక్తం పోస్తాడు. బుడగ ఇప్పటికే నిండింది కాబట్టి కొత్త రక్తం నుంచి తీసుకునేదేమీ ఉండదు. అప్పుడు చదివిన అంకె నిజమైన అంకె. 1912లో లుండ్స్‌గార్డ్ అనే సహచరుడితో కలిసి శరీర ఉష్ణోగ్రత దగ్గరే రక్తాన్ని కొలిచాడు. 1916లో అమెరికా శాస్త్రజ్ఞుడు హెండర్సన్ ఇచ్చిన సూత్రాన్ని సోరెన్‌సన్ అంకెలోకి మార్చి రాశాడు. వైద్య విద్యార్థులు బట్టీపట్టే హెండర్సన్ హాసెల్‌బాల్క్ సమీకరణం అదే. దాని సారం ఒక్కటే. రక్తంలో బైకార్బనేట్ ఎంత ఉంది, కరిగిన కార్బన్ డయాక్సైడ్ ఎంత ఉంది అని విడివిడిగా తెలిస్తే చాలదు, రెంటి నిష్పత్తి తెలియాలి. ఆ నిష్పత్తి ఇరవైకి ఒకటి ఉంటే పీహెచ్ 7.4. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఆరోగ్యవంతుడి ధమని రక్తంలో 7.35 నుంచి 7.45 దాకా ఉంటుంది. అంటే లీటరు రక్తంలో విడిగా తిరిగే హైడ్రోజన్ అయాన్ల బరువు గ్రాములో రెండున్నర కోట్లవ వంతు. అదే రక్తంలో సోడియం అయాన్లు సంఖ్యలో వీటికి 35 లక్షల రెట్లు. ఇంత తక్కువ ఉన్నవాటిని శరీరం ఇంత కట్టుదిట్టంగా కాపాడుకోవడం ఆశ్చర్యమే. ఆ కాపలాలో పెద్ద భాగం ఎర్రరక్తకణాలది.

మనం రక్తం పీహెచ్ అని చెప్పేది నిజానికి కణాల చుట్టూ ఉండే ప్లాస్మా పీహెచ్. ఎర్రకణం లోపలి సంగతి వేరు. ఎలక్ట్రోడ్ దాని పొరను దాటి లోపలికి చూడలేదు. లోపల హిమోగ్లోబిన్ కిక్కిరిసి ఉంటుంది. దానికి రుణావేశం ఉంది, అది బయటికి పోలేదు. అందువల్ల పొరను దాటగల క్లోరైడ్, బైకార్బనేట్‌ల వంటి రుణ అయాన్లు లోపల కొంత తగ్గుతాయి, హైడ్రోజన్ అయాన్లు కొంత పెరుగుతాయి. డెన్మార్క్‌కే చెందిన ఎరిక్ వార్బర్గ్ 1922లో, న్యూయార్క్‌లో వాన్ స్లైక్, ఆయనతో చైనాకు చెందిన షియెన్ వూ, మెక్లీన్ 1923లో ఈ పంపకం లెక్కలు తేల్చారు. బయట 7.4 ఉన్నప్పుడు కణం లోపల సుమారు 7.2. వినడానికి 0.2 తేడా, నిజానికి లోపల ఒకటిన్నర రెట్లు ఎక్కువ ఆమ్లం. ఎలక్ట్రోడ్ మీద చూస్తే పన్నెండు మిల్లీవోల్టులు.

దీన్ని ప్రయోగశాలలో కొలిచే పద్ధతి చూస్తే ఎంత జాగ్రత్త కావాలో తెలుస్తుంది. హెపారిన్ పూసిన సిరంజిలోకి గాలి బుడగ పడకుండా రక్తం తీయాలి. గాలి తగిలితే కార్బన్ డయాక్సైడ్ పోతుంది, హాసెల్‌బాల్క్ పడిన కష్టమే మళ్లీ. ఆలస్యం చేస్తే కణాలు గ్లూకోజును లాక్టిక్ ఆమ్లంగా మార్చి అంకెను కిందికి లాగుతాయి. గాలి తగలకుండా మూసిన గొట్టంలో సెంట్రిఫ్యూజ్ తిప్పి కణాలను అడుక్కి దించి, పైనున్న ప్లాస్మాను తీసేయాలి. మిగిలిన కణాల ముద్దను బాగా గడ్డకట్టించి, కరిగించి, మళ్లీ గడ్డకట్టించి కరిగిస్తే పొరలు చిట్లి లోపలి ద్రవం బయటికి వస్తుంది. దాన్ని 37 డిగ్రీల దగ్గర గాజు ఎలక్ట్రోడ్‌కు ఇచ్చి చదవాలి. కణాల మధ్య కొంచెం ప్లాస్మా మిగిలిపోయినా అంకె అబద్ధం చెబుతుంది. కణాలను చిట్లించకుండానే కొలిచే దారి 1973లో దొరికింది. మూన్, రిచర్డ్స్ అనే ఇద్దరు కుందేలు ఎర్రకణాల్లోని ఫాస్ఫరస్‌ను అయస్కాంత అనునాదంతో చూసి లోపలి పీహెచ్ చెప్పగలిగారు. పద్ధతి ఏదైనా జవాబు రాసేది మాత్రం సోరెన్‌సన్ అంకెలోనే.

ఈ లోపలి ఆమ్లత్వం మన ప్రాంతానికి దూరపు విషయం కాదు. ఆదిలాబాద్, ఖమ్మం, విశాఖ మన్యంలోని గిరిజన కుటుంబాల్లో కొందరికి సికిల్ సెల్ వ్యాధి వంశపారంపర్యంగా వస్తుంది. వాళ్ల హిమోగ్లోబిన్ ఆక్సిజన్ వదిలేసినప్పుడు ఒకదానికొకటి అతుక్కుని కడ్డీల్లా కట్టి, కణాన్ని కొడవలిలా వంచేస్తుంది. ఆమ్లం పెరిగితే హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను తొందరగా వదులుతుందని ముందే చెప్పుకున్నాం. కాబట్టి జ్వరంతో, నీళ్లు తాగక, వాంతులు విరేచనాలతో ఒంట్లో ఆమ్లం పేరుకున్న రోజున ఆ పిల్లల నొప్పులు ఎక్కువవుతాయి. మన తోటి విద్యార్థుల్లో అలాంటివాళ్లుంటే నీళ్లు బాగా తాగమని డాక్టర్లు చెప్పేదానికి ఇది కూడా ఒక కారణం.

సోరెన్‌సన్ కథకు వద్దాం. పీహెచ్ లోకమంతా పాకుతుంటే ఆయన దాని వెంట తిరగలేదు. 1914లో జర్మనీలో మైకేలిస్, 1920లో అమెరికాలో క్లార్క్ పుస్తకాలు రాసి ఆ కొలతను ప్రచారం చేశారు. ఈయన ప్రొటీన్ల దగ్గరే ఉండిపోయాడు. ప్రొటీన్లు జిగురు ముద్దలేనా, వాటికి కూడా మామూలు రసాయనాల్లాగా ఒక నియమం, ఒక బరువు ఉందా అన్నది అప్పటి పెద్ద తగాదా. మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతుండగా, తటస్థంగా ఉన్న డెన్మార్క్‌లో కూర్చుని ఆయన కోడిగుడ్డు తెల్లసొనను స్ఫటికాలుగా చేసి, దాని పీడనాలు కొలిచి, 1917లో అణుభారం 34 వేల దగ్గర లెక్కకట్టాడు. ఈనాటి లెక్కకు అది తక్కువే అయినా, గుడ్డుసొన కూడా లెక్కకు లొంగుతుందని తేలింది. భార్య మార్గరెతె కూడా ఆ ప్రయోగశాలలోనే పరిశోధకురాలు. ఇద్దరూ కలిసి హిమోగ్లోబిన్ ఎంత కరుగుతుంది, ఎలా కరుగుతుంది అన్నదాని మీద పనిచేసి 1933లో ప్రకటించారు. ఎర్రకణాల్లోని ఆమ్లాన్ని ఎక్కువగా మోసేది ఆ హిమోగ్లోబినే కాబట్టి, తన అంకె వెళ్లిన చోటికే ఆయనా చేరాడన్నమాట.

ఇంకో మాట చెప్పాలి. 1909లో తాను ఇచ్చిన నిర్వచనం పూర్తిగా సరైనది కాదని తర్వాత తెలిసింది. ఎలక్ట్రోడ్ చదివేది అయాన్ల సంఖ్యను కాదు, వాటి క్రియాశీలతను. లవణాలు ఎక్కువగా ఉన్న ద్రావణంలో అయాన్లు ఒకదాన్నొకటి లాగుకుంటూ ఉన్నంత చురుగ్గా పనిచేయవు. పేరు ప్రపంచమంతా స్థిరపడిపోయింది కదా, ఇప్పుడెందుకు కదిలించడం అని ఆయన ఊరుకోలేదు. 1924లో లిండర్‌స్ట్రోమ్ లాంగ్ అనే యువ సహచరుడితో కలిసి తన నిర్వచనాన్ని తానే దిద్దాడు. ఆ యువకుడే తర్వాత ఆయన స్థానంలోకి వచ్చాడు. సోరెన్‌సన్‌కు నోబెల్ బహుమతి రాలేదు. 1939 ఫిబ్రవరి 12న కోపెన్‌హాగన్‌లో, 71వ ఏట కన్నుమూశాడు.

ఆయన పోయిన 13 ఏళ్లకు అదే నగరంలో ఆ అంకెకు అసలైన పరీక్ష వచ్చింది. 1952 వేసవిలో కోపెన్‌హాగన్‌ను పోలియో ముట్టడించింది. బ్లెగ్‌డామ్ ఆసుపత్రికి వందల మంది, ఎక్కువగా పిల్లలు వచ్చిపడ్డారు. గొంతు, ఛాతీ కండరాలు చచ్చుబడినవాళ్లకు ఊపిరి ఆడదు. ఆసుపత్రిలో ఉన్న ఇనుప ఊపిరితిత్తి యంత్రం ఒక్కటే, చిన్న రకానివి మరో ఆరు. మొదటి మూడు వారాల్లో ఊపిరి యంత్రం అవసరమైన 31 మందిలో 27 మంది చనిపోయారు. వాళ్ల రక్తాన్ని పరీక్షిస్తే మొత్తం కార్బన్ డయాక్సైడ్ లెక్క చాలా ఎక్కువగా వచ్చింది. ఆ లెక్కలో పెద్ద వాటా బైకార్బనేట్‌దే కాబట్టి, రక్తంలో క్షారం పెరిగిపోయిందని, ఇదేదో అంతుచిక్కని మార్పని డాక్టర్లు అనుకున్నారు. మళ్లీ రిజిస్టర్‌లో పేర్లు లెక్కపెట్టడమే.

బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు వైద్యుడు ఒప్పుకోలేదు. ఇది క్షారం కాదు, ఊపిరి చాలక కార్బన్ డయాక్సైడ్ బయటికి పోవడం లేదు, రక్తం ఆమ్లమైపోతోంది అన్నది ఆయన ఊహ. ఎవరి మాట నిజమో తేల్చడానికి పీహెచ్ ఒక్కటే దారి. ప్రయోగశాల అధిపతి పోల్ ఆస్ట్రప్ ఎలక్ట్రోడ్‌తో రక్తాన్ని కొలిచాడు. అంకె కిందికి ఉంది. ఆమ్లమే. ఇరవైకి ఒకటి నిష్పత్తి తారుమారైంది.

ఆగస్టు 27న పన్నెండేళ్ల అమ్మాయికి గొంతు దగ్గర రంధ్రం చేసి, గొట్టం పెట్టి, రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ ఇబ్సెన్ గాలి పంపాడు. పని చేసింది. ఆ తర్వాత అందరికీ అదే వైద్యం. యంత్రాలు లేవు కాబట్టి వైద్య విద్యార్థులను పిలిచారు. నెలల తరబడి సుమారు 1500 మంది వంతులవారీగా, పగలూ రాత్రీ మంచం పక్కన కూర్చుని ఆ సంచులు నొక్కారు. తక్కువ నొక్కితే ఆమ్లం పెరిగి అంకె దిగుతుంది, ఎక్కువ నొక్కితే అంకె పైకి పోతుంది. ల్యాబ్ నుంచి వచ్చే అంకెను బట్టి నొక్కే తీరు సరిచేసేవారు. నూటికి ఎనభైకి పైగా ఉన్న చావులు సగానికి దిగి, ఆపైన ఇంకా తగ్గాయి. ఆ పన్నెండేళ్ల అమ్మాయి కూడా బతికింది.